ఎదుటి కొండ మీది మనిషి

లిస్బన్ నగరానికి వచ్చే యాత్రికులలో అధికసంఖ్యాకులు ఊరు చూడటానికి వస్తారు. వారిలో సంఖ్యకు చిన్నదైనా పట్టుదలకు పెద్దదైన ఒక వర్గం మాత్రం, ఆ ఊరిని ఎక్కడ నిలబడి చూస్తే అన్నిటికంటె బాగా కనిపిస్తుందో తేల్చటానికి వస్తుంది. ఈ వర్గానికి ఇంతవరకు ఏ శాస్త్రకారుడూ పేరు పెట్టినట్టు లేదు గనుక, ప్రస్తుతానికి వీరిని దృశ్యాన్వేషులు అని వ్యవహరించవచ్చు. దృశ్యాన్వేషి చిత్రకారుడు కాడు, భూగోళశాస్త్రజ్ఞుడు కాడు, చాలా సందర్భాలలో మంచి ఛాయాగ్రాహకుడు కూడా కాడు. స్వస్థలంలో తన ఇంటి డాబా ఎక్కి ఏళ్లు గడిచిన సాధారణ గృహస్థుడు. అయినప్పటికీ, పోర్చుగల్ రాజధానిలో విమానం దిగిన గంటలోపే అతనికి ఎత్తు గురించి, దిక్కుల గురించి, వెలుతురు గురించి దృఢమైన అభిప్రాయాలు ఏర్పడతాయి. వాటిని దాచుకునే అలవాటు అతనికి లేదు.

ఇందులో దోషమంతా అతనిది కాదు, కొంత ఊరిది కూడా. ఆంగ్ల పటాలలో టేగస్ అనీ, స్థానికుల నోట తేజు అనీ పిలువబడే నది సముద్రంలో కలవబోయే ముందు విస్తారంగా వెడల్పయ్యే చోట, దాని ఉత్తరపు ఒడ్డున, గుట్టల మీదా వాటి నడుమ పల్లాలలోనూ లిస్బన్ పరుచుకొని ఉంది. 1620లో నికొలావ్ ద ఒలివైర అనే క్రైస్తవ సన్యాసి ఈ నగర వైభవాన్ని వర్ణిస్తూ రాసిన గ్రంథంలో, కొండలు సరిగ్గా ఏడని లెక్క తేల్చాడు. రోముకు ఏడున్నప్పుడు లిస్బన్‌కు ఆరుండటం అవమానం, ఎనిమిదుండటం అవినయం అన్న విచక్షణ ఆ లెక్కలో పనిచేసినట్టు తోస్తుంది. పొరుగు ఊరి మీద పోటీతో కొండలను లెక్కపెట్టిన ఈ సన్యాసి దృశ్యాన్వేషులందరికీ మూలపురుషుడు కాదగినవాడు. ఆ కొండల అంచులలో నేలను చదును చేసి, పిట్టగోడో ఇనుప కటకటాలో కట్టి, నాలుగు చెట్లు నాటి, కూర్చోవటానికి బల్లలు వేసి, కాఫీ, బీరు అమ్మే చిన్న కొట్టొకటి పెట్టిన వేదికను అక్కడివారు మిరాదోరు అంటారు. అటువంటివి నగరంలో అనేకం ఉండటమే దృశ్యాన్వేషి దుఃఖానికి మూలకారణం. ఒక్కటే ఉండి ఉంటే అతను దాన్ని చూసి, బాగుందని, భోజనానికి వెళ్లేవాడు.

అతని వేషధారణలో ముందుగా కంటబడేవి బూట్లు. లిస్బన్ కాలిబాటలను చేత్తో చెక్కిన చిన్న సున్నపురాతి ముక్కలతో పరుస్తారు. తరతరాల పాదాల రాపిడికి అవి నున్నబడి, చినుకు పడితే నడిచేవారిని వినయవంతులుగా చేస్తాయి. ఈ సంగతి ముందే తెలుసుకొన్న దృశ్యాన్వేషి, హిమాలయాలకు బయలుదేరినవాడి బూట్లు తొడుక్కొని, నల్లటి దుస్తుల్లో చేతిసంచీ పట్టుకొని అదే బాట మీద నింపాదిగా ఎక్కిపోతున్న ఎనభై ఏళ్ల అవ్వగారి వెనుక ఆయాసపడుతూ నడుస్తాడు. పాతకాలపు పసుపుపచ్చని 28వ నంబరు ట్రాము అల్ఫామా, గ్రాసా పేటల ఎత్తుల మీదుగానే పోతుంది గాని, అందులో అందరూ ఎక్కుతారు గనుక అతను ఎక్కడు. మన వీధులలో ఆటో అనబడే మూడు చక్రాల వాహనం అక్కడ టుక్‌టుక్ అన్న పేరుతో యాత్రికులను కొండ మీదికి చేరుస్తుంది. విజయవాడలో పనికి పోవటానికి ఎక్కే బండిని లిస్బన్‌లో దృశ్యానికి పోవటానికి ఎక్కటం చూసి తెలుగువాడికి కలిగే ఆశ్చర్యం వేరు, దృశ్యాన్వేషికి కలిగే తిరస్కారం వేరు. చెమట పట్టని చూపు చూపే కాదని అతని సిద్ధాంతం.

వెలుతురు విషయంలో అతని పాండిత్యం నిజమైనదే. ఈ మాట అతని పక్షాన చెప్పి తీరాలి. పోర్తాష్ దు సోల్, సాంత లుజియా అనే రెండు మిరాదోరులు అల్ఫామా పేట పైన పక్కపక్కనే ఉండి, తూర్పుకూ నదికీ ముఖం చేసి ఉంటాయి గనుక, అవి ఉదయానికి చెందినవి. గ్రాసా వేదికా, దానికి ఎగువనున్న సెన్యోర దు మోంత్ వేదికా పడమటికి తిరిగి ఉండటం వల్ల సూర్యాస్తమయానికి చెందినవి. నగరానికి అవతలి పక్కనున్న సావ్ పేద్రు ద అల్కాంతరా ఉద్యానం తూర్పు ముఖంగా ఉన్నా ఉదయానికి పనికిరాదు, ఎందుకంటే అప్పుడు సూర్యుడు ఎదుటి కొండ మీది సావ్ జోర్జ్ కోట వెనుక ఉండి చూసేవాడి కళ్లలోకే కొడతాడు. సాయంకాలం చూసేవాడి వీపు వెనుక నుంచి వెలుగు ఆ కోట మీద పడినప్పుడే దాని గోడలకు రంగు వస్తుంది. ఈ జ్ఞానమంతా సరైనదే గాని, జూన్‌లో లిస్బన్ సూర్యుడు రాత్రి తొమ్మిది దాటితే గాని అస్తమించడు, డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే సెలవు తీసుకొంటాడు. తత్ఫలితంగా దృశ్యాన్వేషి కుటుంబం వేసవిలో భోజనం లేకుండానూ, శీతకాలంలో మధ్యాహ్నం కునుకు లేకుండానూ కాలం గడుపుతుంది.

ఇక అసలు వ్యాధి లక్షణం వద్దకు రావచ్చు. కొండల నగరంలో ఒక కొండ మీద నిలబడినవాడికి ముఖ్యంగా కనిపించేది మరొక కొండ. గ్రాసా వేదిక మీద చెట్ల నీడలో నిలబడితే ఎదుట కోట, దాని పక్కన నది, దూరాన 1966లో ప్రారంభించిన ఎర్రటి వేలాడే వంతెన, ఇవన్నీ కనిపిస్తాయి. వీటితోపాటు కుడివైపున, తనకంటె కొంచెం ఎత్తున, సెన్యోర దు మోంత్ పిట్టగోడ పొడవునా వరుసగా నిలబడిన మనుషులు కూడా కనిపిస్తారు. అంతటితో అతనికి కోటా నదీ వంతెనా మాసిపోతాయి. వారికి తనకు కనిపించనిదేదో కనిపిస్తున్నదన్న అనుమానం మొదలై, ఆర్డరిచ్చిన కాఫీ రాకముందే అతన్ని లేపి నడిపిస్తుంది. పైకి చేరినవాడికి నగరం నిజంగానే మరింత విశాలంగా విచ్చుకొంటుంది. కాని ఆ విశాలతలో టికెట్టు కొని ప్రవేశించవలసిన సావ్ జోర్జ్ కోట బురుజుల మీద నడిచేవారున్నారు, పల్లానికి అవతల సావ్ పేద్రు కటకటాల వద్ద గుమిగూడినవారున్నారు. దూరపు కొండలు నునుపన్నది మన సామెత. లిస్బన్‌లో దూరం కూడా అక్కరలేదు, నిమిషాల నడకలో ఉన్న కొండ సైతం నునుపే. సావ్ పేద్రు చేరుకొన్నాక అక్కడ, ఎదురుగా కనిపించే కట్టడాల పేర్లను చూపే రంగు పలకల పటం ఒకటి ఉంటుంది. ఇతరులు దాన్ని చూసి తాము చూస్తున్నదేమిటో తెలుసుకొంటారు, దృశ్యాన్వేషి దాన్ని చూసి తాను ఎక్కడ లేడో తెలుసుకొంటాడు. దూరపు వస్తువును దగ్గరకు లాగే కటకాన్ని కెమెరాకు బిగించి, తాను ఆ ఉదయం నిలబడిన గ్రాసా పిట్టగోడను వెతికినప్పుడు, అక్కడ తన వయసువాడే ఒకడు అటువంటి కటకాన్నే తనవైపు గురిపెట్టి ఉండటం అతనికి కనిపించినా, అతను దాని నుంచి గుణపాఠం తీసుకోడు. గ్రాసాలో వెలుతురు ఇప్పుడు బాగున్నట్టుందని మాత్రం గ్రహిస్తాడు.

సాంత లుజియాలో అతని ప్రవర్తన పరిశీలించదగినది. అక్కడి చర్చి బయటి గోడ మీద, అజులేజు అనే, మెరుగు పూసి కాల్చిన నీలిరంగు పలకలతో కూర్చిన చిత్రం ఒకటుంది. 1755 నవంబరు 1న సంభవించిన మహాభూకంపానికి పూర్వం నది ఒడ్డున రాజప్రాసాదపు ఆవరణ ఎలా ఉండేదో అది చూపుతుంది. భూకంపం, దాని వెంట వచ్చిన ఉప్పెన, మంటలు కలిసి ఆ పల్లపు నగరాన్ని తుడిచిపెట్టిన తరువాత, పొంబాల్ అనే మంత్రి ఆధ్వర్యంలో చదరంగపు గళ్ల వంటి తిన్నని వీధులతో కొత్త పేట లేచింది. కనుక ఆ చిత్రంలోని దృశ్యం ఇప్పుడు ఏ కొండ మీద నుంచీ, ఏ వేళా కనిపించదు. బూగన్‌విలియా పందిరి కింద జనమంతా నది వైపు తిరిగి ఉండగా, దృశ్యాన్వేషి ఒక్కడే గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడతాడు. తాను ఆలస్యంగా పుట్టటం వల్ల తప్పిపోయిన కోణం ఒకటున్నదన్న బాధ ఆ నిలుపులో కనిపిస్తుంది.

రహస్యం అతని రెండవ బలహీనత. పల్లపు పేట నుంచి ఎగువ పేటకు మనుషులను చేర్చటానికి 1902లో కట్టిన, సుమారు 45 మీటర్ల ఎత్తున్న సాంత జుస్తా ఇనుప లిఫ్టు కింద యాత్రికులు క్యూ కట్టి ఎండలో నిలబడతారు; పక్క వీధుల గుండా పైకి నడిచి, భూకంపంలో కప్పు కూలి నేటికీ ఆకాశమే కప్పుగా మిగిలిన కార్ము మఠం వెనుక నుంచి వెళితే, ఆ లిఫ్టు శిఖరానికి కలిసే వంతెన బాట మీదికి నేరుగా చేరవచ్చు. ఈ దారి తెలిసిన దృశ్యాన్వేషి చేయవలసిన పని నోరు మూసుకొని నడవటం. కాని తెలిసినట్టు నలుగురికీ తెలియకపోతే తెలిసి ప్రయోజనమేమిటన్న సందేహం అతన్ని నిలవనివ్వదు. క్యూలో చివరనున్న కుటుంబానికి అతను దారి వివరిస్తాడు, వారి ముందున్నవారు చెవి ఒగ్గుతారు, కొద్దిసేపటికి ఒక చిన్న ఊరేగింపు అతని వెంట కార్ము వైపు కదులుతుంది. పైకి చేరాక జనం ఎక్కువైపోయారని అందరికంటె ముందు విసుక్కొనేవాడు కూడా అతనే.

ఐరోపా నగరాలలో ఉద్యోగాలు చేస్తూ, సెలవులు కలిసివచ్చినప్పుడు సకుటుంబంగా బయలుదేరే తెలుగువారిలోనూ ఈ వర్గానికి ప్రతినిధులున్నారు. అలిపిరి నుంచి తిరుమలకు మెట్లెక్కిన మోకాళ్లకు అల్ఫామా మెట్లు లెక్కలోనివి కావు. అయితే తిరుమలలో మెట్లు ఎక్కడో ఒకచోట ముగిసి దర్శనం మొదలవుతుందన్న భరోసా ఉంటుంది, ఇక్కడ ఆ భరోసా లేదన్న సంగతిని ముందుగా గ్రహించేది ఇల్లాలే.

“ఏమండీ, ఇక్కడ కూర్చుందామండీ. నది కనిపిస్తోంది, గాలి వస్తోంది, పిల్లాడు కాళ్లు నొప్పులంటున్నాడు.”

“ఇదిగో, ఐదు నిమిషాలే. ఆ పైది ఇంకా బాగుంటుందట.”

“నిన్న పైదానిలో ఉన్నప్పుడు కిందదే బాగుందన్నారు కదండీ!”

ఈ ప్రశ్నకు జవాబు ఏ భాషలోనూ నమోదు కాలేదు. ఇల్లాలు పిల్లవాడితో కొట్టు దగ్గరే కూర్చుండిపోయి, పాష్తెల్ ద నాతా అనే, గుడ్డు సొనతో చేసిన మీగడ నింపి పైన కాస్త మాడేలా కాల్చిన చిన్న తీపి వంటకాన్ని తింటూ, నదిని రెండు గంటలపాటు చూస్తుంది. ఆ కుటుంబంలో లిస్బన్‌ను చూసినది ఆమె ఒక్కతేనని వాదించవచ్చు గాని, ఫొటోలేవీ చూపలేదు గనుక ఆమె వాదన నిలవదు.

స్థానికులను చూస్తే దృశ్యాన్వేషికి ఊరట కలగవలసింది పోయి కలవరం కలుగుతుంది. గ్రాసా వృద్ధులు నది వైపు వీపు పెట్టి కూర్చొని పక్కింటి సంగతులు మాట్లాడుకొంటారు. మూడవ అంతస్తు కిటికీలో నుంచి దుప్పటి ఆరవేసే గృహిణి, అద్దెకిస్తే ధర పలికే దృశ్యానికి తడిబట్ట అడ్డం కడుతుంది. సెన్యోర దు మోంత్ కొండ మీది చిన్న ప్రార్థనాలయంలో సావ్ జెన్స్ అనే పుణ్యపురుషుడిదని చెప్పే రాతి ఆసనం ఒకటుంది. దాని మీద కూర్చున్న గర్భిణికి సుఖప్రసవం అవుతుందన్న నమ్మకంతో పూర్వం రాణులు సైతం వచ్చి కూర్చున్నారని ప్రతీతి. దృశ్యాన్వేషి ఆ గుడి ముందు నుంచి రోజూ నడిచినా లోపలికి తొంగిచూడడు, ఎందుకంటే ఆ కొండ మీద దృశ్యం కనిపించని ఆసనం అదొక్కటే.

నది వైపు మొగ్గిన సాంత కతరీనా మిరాదోరులో అదమస్తోర్ అనే రాక్షసుడి రాతి విగ్రహం ఉంది. 1572లో అచ్చయిన, కమొయిష్ అనే కవి రాసిన మహాకావ్యంలో ఇతను ఆఫ్రికా దక్షిణపు కొన వద్ద వాస్కో ద గామా ఓడలకు అడ్డం లేచి బెదిరిస్తాడు. సముద్రకన్యను ప్రేమించి, మోసపోయి, కొండగా మారిపోయి, ఆమె నీళ్లు చుట్టూ కొట్టుకొంటుండగా కదలలేక నిలిచిపోయినట్టు తన కథ తానే చెప్పుకొంటాడు. ఆ విగ్రహం చుట్టూ సాయంత్రాలు యువకులు గిటార్లు వాయించుకొంటూ ఆ శాపాన్ని సులువుగానే తీసుకొంటారు. ఒకేచోట నిలబడి ఒకే దృశ్యాన్ని యుగాంతం వరకు చూడవలసి రావటమన్న శిక్షలోని క్రౌర్యం పూర్తిగా బోధపడేది దృశ్యాన్వేషికే. అతను అక్కడ ఎక్కువసేపు ఉండడు.

ఈ వర్గపు పరిణామక్రమంలో తుది దశ నదిని దాటటం. అంతకుముందు మోన్‌సాంతు అడవిలో, 1968లో భోజనశాలగా తెరిచి, తరువాత పాడుబడి, 2017లో నగరపాలకులు దృశ్యస్థలంగా తెరిచిన గుండ్రటి శిథిల భవనం దాకా వెళ్లివచ్చినవారు కొందరుంటారు. వారిని మధ్యమ శ్రేణిగా గణించవచ్చు. ఉత్తములు పడవెక్కి అవతలి ఒడ్డున అల్మాదా చేరి, 1959లో ప్రతిష్ఠించిన క్రీస్తు విగ్రహపు 82 మీటర్ల పీఠం పైకి వెళతారు. అక్కడి నుంచి లిస్బన్ కొండలన్నీ, వాటి మీది మిరాదోరులన్నీ ఒకే వరుసలో ఒకేసారి ఎదుట నిలుస్తాయి, అంటే అసూయపడటానికి చోటేదీ మిగలదు. అయితే అంత ఎత్తు నుంచి, అంత దూరం నుంచి చూసేసరికి ఆ ఏడు కొండలూ అణిగిపోయి, ఎక్కటానికి రోజులు పట్టిన నగరం దాదాపు సమతలంగా కనిపిస్తుంది. దృశ్యాన్వేషి దీన్ని కటకంతో, కటకం లేకుండా, రెండు విధాలా చూసి, ఊరు కనిపించాలంటే ఇంత ఎత్తు పనికిరాదనీ, ఎర్ర వంతెన స్తంభాలలో ఒకదానికి లిఫ్టూ గాజు నేల ఉన్న వేదికా అమర్చారు గనుక అదే సరైన ఎత్తు అయి ఉంటుందనీ నిర్ధారించి, అది ఎన్నింటికి మూస్తారో విచారించటానికి క్రిందికి దిగుతాడు.