నా గదుల్లో పేరుకున్న మసి

నేను .357 మాగ్నమ్ రివాల్వర్‌ని, ఆరు గదుల సిలిండరు నాది. మా వంశం 1935లో అమెరికాలో మొదలైంది. అప్పటికే వాడుకలో ఉన్న .38 స్పెషల్ తూటా ఇత్తడి గొట్టాన్ని మూడు మిల్లీమీటర్లకు పైగా పొడిగించి మా తూటా చేశారు. మందు ఎక్కువ పట్టాలని అలా చేశారనుకుంటారు చాలామంది. అసలు సంగతి వేరు. అంత బలమైన తూటా పాత .38 రివాల్వర్లలో పొరపాటున కూడా పట్టకూడదు, పడితే వాటి సిలిండర్లు పగిలిపోగలవు. ఆ ముందుచూపు తలచుకుంటే నన్ను తయారుచేసినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

నాలో మాత్రం రెండు రకాలూ పడతాయి. గుండు మందం ఒక్కటే. తూటా వెనుక అంచు సిలిండరుకు ఆనుకుని ఆగుతుంది గనుక పొట్టిదైనా లోపలికి జారిపోదు.

మొదట ఒక పోలీసు అధికారి నడుమున ఉన్నాను. సాధనకు .38, డ్యూటీకి మాగ్నమ్. కాల్చిన ప్రతిసారీ ఆరు గదులూ బ్రష్‌తో తోమేవాడు. 1980ల నుంచి పోలీసులు ఎక్కువ తూటాలు పట్టే పిస్టళ్లకు మారారు. నన్ను అమ్మేశారు.

కొన్నాయన ఎప్పుడూ .38లే కాల్చేవాడు. చిన్న తూటా కాల్చడం నాకేమీ చిన్నతనం కాదు. ఖర్చు తక్కువ, చేతికి అదురు తక్కువ, గురి కుదురుతుంది. నా బాధల్లా ఆ తర్వాతిదే. పొట్టి గొట్టం మూతి నా గదిలో కాస్త ఇవతలే ఆగిపోతుంది. పేలినప్పుడల్లా దాని ముందున్న ఖాళీలో మసి, సీసం ఉంగరంలా అతుక్కుంటాయి. ఆయన పైపైన మెరిసేలా తుడిచి లోపల పెట్టేవాడు. ఏళ్ల తరబడి ఒక్కసారైనా నా గదుల్లోకి తొంగిచూడలేదు.

ఒకరోజు మాగ్నమ్ తూటాలు తెచ్చాడు. అవి ఆ మసి దగ్గర ఆగిపోయాయి. బొటనవేలితో అదిమి కూర్చోబెట్టి కాల్చాడు. గొట్టం మూతి బిగుసుకుంటే గుండు తేలిగ్గా విడవదు, లోపల పీడనం పెరుగుతుంది. ఆ నొప్పి నా ఉక్కుకు తెలుసు. ఖాళీ గొట్టాలు పట్టుకుపోయి బయటికి రాకపోతే చెక్కముక్కతో కొట్టాడు. "పాతదైపోయింది, పనికిరాదు" అన్నాడు. పని చేయలేనిది నేను కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. తోలు ఒరలో పెట్టి సొరుగులో పడేశాడు. తోలు తేమ పీలుస్తుంది. వానలు వచ్చాయి, పోయాయి. ఆ తేమంతా నా ఒంటికే పట్టింది.

ఈమధ్య ఆయన కూతురు నన్ను తుపాకులు బాగుచేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లింది. ఆ మనిషి ద్రావణి పోసి నాననిచ్చి, కంచు బ్రష్‌తో గదులు తోమాడు. మాగ్నమ్ తూటా తన బరువుకే జారి కూర్చుంది. .38లు కాల్చాక, మాగ్నమ్ వేసే ముందు ఇలా తోమాలని ఆమెకు చూపించాడు. మసి పోయింది గానీ, ఒరలో పట్టిన తుప్పు గుంటలు మాత్రం ఇక పోవన్నాడు.