బాగున్న మొక్కకే మందు

ఈ వ్యాసంలోని సలహాలు వినగానే ఊళ్ళో నలుగురూ కాదనే అంటారు. మచ్చ కనపడితే మందు కొట్టాలి, మందు పడితే మచ్చ ఆగాలి. మనకు తాతల నాటి నుంచి కాకపోయినా తండ్రుల నాటి నుంచి అలవాటైన లెక్క ఇదే. ఇక్కడ చెప్పబోయే రొయ్య పొట్టు, సముద్రపు నాచు, పాలు, ఊక బూడిద, మంచి బూజు ఆ లెక్కకు లొంగవు. వీటిలో కొన్ని శిలీంధ్రాన్ని అసలు చంపవు. కొన్ని చంపినా అది సగం పనే. మొక్క ఒంట్లో ముందే ఉన్న రక్షణను మేలుకొలపడమే వీటి అసలు పని. అందుకే వీటిని వాడే తీరు మందులు వాడే తీరుకు ఎదురుగా ఉంటుంది. ఆ సంగతి తెలియక పాత తీరులోనే కొట్టి, ఫలితం లేక "ఇవన్నీ ఉత్తివే" అన్న రైతులను నేను తప్పు పట్టను. డబ్బా అమ్మేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పని వాళ్ళ మీదే నా కోపం.

ఒక్క మచ్చ కూడా లేనప్పుడు కొట్టండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందరూ తప్పేదీ ఇక్కడే.

1961లో ఫ్రాంక్ రాస్ అనే అమెరికా శాస్త్రవేత్త పొగాకు మొక్కల కింది ఆకులకు మొజాయిక్ వైరస్‌ను అంటించాడు. కొన్ని రోజులు ఆగి, అదే మొక్కల పై ఆకులకూ అంటించి చూశాడు. పై ఆకుల మీద మచ్చలు తక్కువగా, చిన్నవిగా వచ్చాయి. కింది ఆకుకు జరిగింది పై ఆకుకు తెలిసిందన్న మాట. ఈ మేలుకోవడం వైరస్‌కే పరిమితం కాదనీ, శిలీంధ్రాలకూ బాక్టీరియాకూ అడ్డు నిలుస్తుందనీ తర్వాతి పరిశోధనల్లో తేలింది. 1979లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో రేమండ్ వైట్ పొగాకు ఆకులోకి ఆస్పిరిన్ ద్రావణం ఎక్కించి, ముందుగా వైరస్ అంటించకుండానే అలాంటి ఫలితం సాధించాడు. మొక్క తనంతట తానే తయారుచేసుకునే సాలిసిలిక్ ఆమ్లం ఈ రక్షణకు ముఖ్యమైన సంకేతమని ఆ తర్వాత రుజువైంది.

మేలుకున్న మొక్క చేసే పనులు చాలానే ఉన్నాయి. శిలీంధ్రం గుచ్చిన చోట కణం గోడకు లోపలి నుంచి క్యాలోజ్ అనే పదార్థాన్ని మెత్తుతుంది. లిగ్నిన్‌తో గోడను గట్టి పరుస్తుంది. శిలీంధ్రం గోడను కొరికే కైటినేజ్ లాంటి ఎంజైములనూ, విషపు పదార్థాలనూ సిద్ధం చేసుకుంటుంది. వీటన్నిటికీ సమయం కావాలి. కొట్టిన సాయంత్రానికి జరిగే పని కాదు, రోజులు పడుతుంది. మచ్చ కనపడిన ఆకులో శిలీంధ్రం అప్పటికే కొన్ని రోజులుగా తిని బతుకుతోంది. ఆ ఆకును ఇప్పుడు మేలుకొలిపి లాభం లేదు.

కాబట్టి క్యాలెండరును, ఆకాశాన్ని చూసి కొట్టండి, ఆకును చూసి కాదు. వరిలో అగ్గి తెగులుకు రాత్రి చలి, తెల్లవారుజామున మంచు, పగలు మబ్బు కలిస్తే చాలు. ఆ రోజులు వస్తున్నాయని తెలియగానే, పైరు నిక్షేపంగా ఉన్నప్పుడే, మొదటి పిచికారీ పడాలి. "ఏమీ లేని పొలానికి మందేంటి?" అని పక్క చేను రైతు అడిగితే, ఏమీ లేదు కాబట్టే కొడుతున్నానని చెప్పండి.

దీన్ని చాలామంది మొక్కకు టీకా అంటున్నారు. ఆ మాట మోసం చేస్తుంది. మొక్కకు మన లాంటి యాంటీబాడీలు లేవు. ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి ఉండే రక్షణా కాదు. కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, ఈలోగా కొత్త ఆకులు వస్తూనే ఉంటాయి. ఒక్కసారి కొట్టి ఊరుకుంటే సరిపోదు. పైరు దశను బట్టి మళ్ళీ గుర్తు చేయాలి.

శత్రువు ఒంటి ముక్కనే మొక్కకు చూపించండి

శిలీంధ్రం కణపు గోడలో కైటిన్ ఉంటుంది. మొక్కలో కైటిన్ లేదు. అయినా కైటిన్ ముక్కలను పసిగట్టే ఏర్పాటు మాత్రం మొక్కకు ఉంది. వరిలో ఆ పని చేసే ఒక ప్రొటీన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 2006లో పట్టుకున్నారు. కైటిన్ ముక్క తగిలిందంటే శిలీంధ్రం వచ్చిందని లెక్కగట్టి మొక్క సన్నద్ధమవుతుంది. నిజంగా శిలీంధ్రం వచ్చిందా లేదా అని అది విచారించదు. ఈ గుణమే మనకు పనికొస్తుంది.

అదే కైటిన్ రొయ్య పొట్టులోనూ, పీత డిప్పలోనూ ఉంది. దేశంలో అందరికన్నా ఎక్కువ రొయ్యలు పెంచే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. భీమవరం, నెల్లూరు వైపు ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర తలలూ పొట్టూ గుట్టలు పడతాయి. దాన్ని కంపు కొట్టే చెత్త అనకండి. ఆ పొట్టు నుంచి ఖనిజాలనూ మాంసకృత్తులనూ తీసేసి, గాఢమైన కాస్టిక్ సోడాలో వేడి చేస్తే కైటోసాన్ వస్తుంది. యూరప్ యూనియన్ 2014లో కైటోసాన్ హైడ్రోక్లోరైడును మొక్కల రక్షణకు వాడదగిన ప్రాథమిక పదార్థాల్లో చేర్చింది.

కైటోసాన్‌ను ఇంట్లో తయారుచేయబోకండి. మరిగే కాస్టిక్ సోడా కళ్ళు తీస్తుంది. తయారైన పొడి దొరుకుతుంది. ఉత్త నీళ్ళలో అది కరగదు, కొద్దిగా వెనిగర్ కలిపిన నీళ్ళలో కరుగుతుంది. పొడి నీళ్ళ అడుగున ఉండలు కట్టి కూర్చుంటే, దాన్నే పంపులో పోసి కొట్టినవాళ్ళు నాజిల్ మూసుకుపోవడం తప్ప ఏమీ చూడరు. మోతాదు డబ్బా మీద రాసినంతే. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలనే ఆలోచన ఇక్కడ హాని చేస్తుంది, ఎందుకో కింద చెబుతాను.

పచ్చి పొట్టు దొరికేవాళ్ళు దాన్ని ఉప్పు పోయేదాకా కడిగి, ఎండబెట్టి, కంపోస్టులో కలపాలి. నేలలో కైటిన్ తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటి ఎంజైములు కైటిన్ ఉన్న తెగులు శిలీంధ్రాల గోడలనూ కొరుకుతాయి. ఇది నిదానంగా జరిగే పని, ఒక పంటలో కొలిచి చూపమంటే చూపలేం.

ఒక హద్దు కూడా చెప్పాలి. పసుపులో దుంపకుళ్ళుకు కారణమైన పిథియం, బంగాళాదుంపను ముంచే లేట్ బ్లైట్ జీవి చూడటానికి శిలీంధ్రాల్లాగే ఉన్నా ఆ కుటుంబానివి కావు. వాటి గోడలో సెల్యులోజ్, గ్లూకాన్లే ఎక్కువ. మొక్క రక్షణ మేలుకుంటే వాటికీ కొంత అడ్డే గానీ, కైటిన్ తినే సూక్ష్మజీవుల మీద అక్కడ అంత ఆశ పెట్టుకోకూడదు. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు రైతులకు నా మొదటి సలహా మురుగునీరు పోయే కాలువే.

ప్రయోగశాలలో ఓడిన మందును కూడా నమ్మండి

గాజు పళ్ళెంలో శిలీంధ్రాన్ని పెంచి దాని మీద మందు వేసి చూడటం పాత పరీక్ష. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే లామినారిన్‌ను అలా వేస్తే శిలీంధ్రం హాయిగా పెరుగుతూనే ఉంటుంది. పళ్ళెంలో మొక్క లేదు కదా. అదే లామినారిన్ గోధుమ, ద్రాక్ష మొక్కల మీద పడితే వాటి రక్షణ లేస్తుంది. "శిలీంధ్రాన్ని ఎంత శాతం చంపింది?" అన్న ప్రశ్నతో ఈ రకం పదార్థాలను తూచకండి. పొలంలో, మొక్క మీద ఎన్ని మచ్చలు తగ్గాయన్నదే అడగండి. సహజ పదార్థం కాకపోయినా ఈ తీరుకు గట్టి సాక్ష్యం ఒకటుంది. జపాన్ రైతులు 1970ల నుంచి అగ్గి తెగులుకు వాడుతున్న ప్రొబెనజోల్ గుళికలు శిలీంధ్రాన్ని నేరుగా చంపడం బహు తక్కువ. వరి చేతే పని చేయిస్తాయి.

ఎరువు మీద పచ్చ బూజు పడితే సంతోషించండి

పొలానికి బూజును మనమే తెచ్చి పోయాలంటే ఎవరికైనా మనసొప్పదు. కానీ ట్రైకోడెర్మా అచ్చంగా బూజే. నేలలో తెగులు శిలీంధ్రాలను చుట్టుకుని తింటుందని అందరూ చెబుతారు. అంతకన్నా నాకు ఇష్టమైన పని ఇంకొకటి చేస్తుంది. వేరు పై పొరల్లోకి కొద్దిగా చొరబడుతుంది. మొక్క దాన్ని అక్కడే ఆపుతుంది. ఆ ఆపడంలోనే మొక్క మొత్తం అప్రమత్తమవుతుంది. నేలలో ఉన్న బూజు వల్ల ఆకుకు మేలు జరగడం ఇలాగే.

90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేప పిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలపండి. పిడికిట్లో పట్టి పిండితే చుక్క కారనంత తడి చాలు. నీడలో గుట్ట పోసి గోనె పట్టాలు కప్పండి, వారానికి ఒకసారి తిరగేయండి. రెండు వారాలకు తెల్లగా మొదలై పచ్చగా మారే బూజు గుట్టంతా అల్లుకుంటుంది. అప్పుడు పదునున్న నేలలో చల్లాలి, ఎండిన దుక్కిలో కాదు. వేరుశనగ విత్తనానికైతే కిలోకు 10 గ్రాముల పొడి పట్టించండి. మొదలు కుళ్ళు, కాండం కుళ్ళు ఏటా వచ్చే రాయలసీమ చేలకు ఇంత చవకైన కాపుదల మరొకటి లేదు.

ఇది ప్రాణమున్న సరుకు. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, గ్రాముకు కనీసం 20 లక్షల బీజాలున్నట్టు పొట్లం మీద ఉందో లేదో చూడండి. సరుకును ఎండలో పెట్టిన కొట్టులో కొనకండి. కార్బెండజిమ్ పట్టించిన విత్తనానికి దీన్ని పట్టిస్తే శిలీంధ్రనాశినితో శిలీంధ్రాన్ని చంపుకున్నట్టే. సూడోమోనాస్ కూడా వేరు దగ్గర చేరి మొక్కను మేలుకొలిపే బాక్టీరియా. దాన్ని రాగి మందులతో కలపకండి.

పైరు నవనవలాడుతుంటే భయపడండి

అగ్గి తెగులు శిలీంధ్రం ఆకు మీద గుండ్రటి చిన్న బుడగ కట్టుకుని, దాంట్లో ఒత్తిడి పెంచి, ఆ బలంతో ఆకును గుచ్చుతుంది. ఆ ఒత్తిడి 80 వాతావరణాల వరకూ పోతుంది, కారు టైరులో ఉండే గాలికి నలభై రెట్లు. యూరియా ఎక్కువై ముదురు పచ్చగా, మెత్తగా ఎదిగిన ఆకును అది సులువుగా గుచ్చుతుంది. బాపట్లలో పుట్టి అందరి కంచాల్లోకీ వచ్చిన సాంబ మసూరి ఈ తెగులుకు అసలే లొంగే రకం. అలాంటి పైరుకు ఒక దఫా యూరియా తగ్గించడం ఏ సీసా కన్నా ముందు చేయాల్సిన పని.

అదే ఆకు పైపొర కింద సిలికా పొర పరుచుకుంటే శిలీంధ్రం గుచ్చడం కష్టమవుతుంది. వరి నేల నుంచి సిలికాను విపరీతంగా తీసుకునే మొక్క. గడ్డి, ఊక రూపంలో దాన్ని మనం ఏటా పొలం దాటిస్తున్నాం. ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికాయే. మిల్లు దగ్గర నల్లగా, తక్కువ మంటలో కాలిన బూడిద నారుమడికి మేలు. బాగా మండి తెల్లబడిన దాంట్లో సిలికా గట్టిపడి త్వరగా కరగదు. నల్లగా ఉందని కాలని సరుకనుకుని వదిలేయడమే పొరపాటు.

పాలు పోయండి, కానీ పలచగా

దోస, గుమ్మడి, బీర తీగల మీద బూడిద తెగులుకు పాలు పని చేస్తాయంటే నమ్మనివాళ్ళే ఎక్కువ. 1999లో బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ జుకీనీ మొక్కల మీద ఆవు పాలు పిచికారీ చేసి, తెగులు బాగా తగ్గిందని ప్రకటించాడు. ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్ళు. చిక్కగా పోస్తే ఆకు మీద వేరే బూజు పడుతుంది. ఎండ వచ్చే పొద్దున పూట కొట్టండి. పాలు కొంత నేరుగానే శిలీంధ్రాన్ని దెబ్బ తీస్తాయి, కొంత మొక్కను మేలుకొలుపుతాయని అంటారు. పెరటికీ, చిన్న మడికీ సరే గానీ, ఎకరాలకు పాలు పోయమని నేను చెప్పను. పాలను తాగే ఇల్లు ముందు.

ఎక్కువ కొట్టకండి, ఆస్పిరిన్ బిళ్ళ అసలే వద్దు

రక్షణ ఊరికే రాదు. గోడ కట్టడానికీ, విషం చేయడానికీ మొక్క పెరుగుదలకు పెట్టాల్సిన పిండిపదార్థాన్నే ఖర్చు పెడుతుంది. రోజూ హెచ్చరిస్తూ ఉంటే గిడసబారుతుంది, కాపు తగ్గుతుంది. టమాట మొక్కకు ఆస్పిరిన్ బిళ్ళ కరిగించి పోయమనే సలహా చాలా చోట్ల తిరుగుతోంది. మోతాదు కొంచెం దాటినా ఆకులు మాడతాయి. రేమండ్ వైట్ చేసింది ప్రయోగం, సాగు పద్ధతి కాదు. తెగులు కాలంలో రెండు మూడు పిచికారీలు, మధ్యలో మొక్కకు విశ్రాంతి, అంతే.

నీరు లేక వడలిన మొక్కనూ, అప్పుడే నాటిన నారునూ హెచ్చరించకండి. ఖర్చు పెట్టడానికి వాటి దగ్గర ఏమీ ఉండదు.

ఒక సాలు వదిలేయండి

పొలమంతా కొడితే తేడా తెలియదు. చేను మధ్యలో ఒక సాలును ఏమీ కొట్టకుండా వదలండి, కర్ర పాతి గుర్తు పెట్టండి. వారానికోసారి ఆ సాలులోనూ, కొట్టిన వైపూ పది పది మొక్కల్లో మచ్చలున్న ఆకులు లెక్కపెట్టండి. ఈ పదార్థాలు తెగులును తుడిచిపెట్టవు, తగ్గిస్తాయి. వదిలిన సాలుకన్నా కొట్టిన వైపు మచ్చలు సగమైనా తగ్గితే వచ్చే పంటకూ కొనసాగించండి. రెండు చోట్లా మచ్చలు ఒకేలా పెరుగుతుంటే ఇక మొండికేయకండి. వరి పొట్ట దశలో ఉండి, అగ్గి తెగులు మచ్చలు పై ఆకులకు ఎక్కుతుంటే ఆ రోజే వ్యవసాయ అధికారిని అడిగి శిలీంధ్రనాశిని కొట్టండి. వెన్ను బయటికొచ్చాక మెడ విరిస్తే ఏ పదార్థమూ గింజను తిరిగి తేలేదు.