రెండు పంచాంగాల ఊళ్ళో పొట్టేళ్ళ వ్యాపారం

పాతపట్నంలో కార్తీకం నెలా పదిహేను రోజులు ఉంటుంది. ఒరియా వాళ్ళ నెల పున్నమితో ముగుస్తుంది కాబట్టి ఆశ్వయుజ పున్నమి మర్నాడే వాళ్ళకు కార్తీకం వచ్చేస్తుంది. మనకు దీపావళి అమావాస్య వెళ్ళాలి. 1936లో ఒరిస్సా వేరుపడ్డప్పుడు పక్కనే ఉన్న పర్లాకిమిడి అటు పోయింది, మేం ఇటు మిగిలాం. మా వీధుల్లో మాత్రం రెండు భాషలూ రెండు పంచాంగాలూ అలాగే ఉన్నాయి. వాళ్ళు ముందు మాంసం మానేస్తారు, మనవాళ్ళలో మొక్కున్నవాళ్ళు తరవాత మానేస్తారు. ఒరియా ఇళ్ళలో నెలంతా పట్టింపు లేనివాళ్ళు కూడా పున్నమితో ముగిసే అయిదు రోజులు, పంచుకం అంటారు, నీచు ముట్టరు. పున్నమి దాటిన మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు పర్లాకిమిడిలో తెల్లారకముందే మాంసం కొట్ల ముందు జనం నిలబడతారు. ఇటు మనకు కార్తీకం ఇంకా సగం మిగిలే ఉంటుంది. అయ్యప్ప మాలలు కూడా అప్పటికే పడి ఉంటాయి.

ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ, అప్పు తెచ్చి మేపిన పొట్టేలు పిల్లల్ని సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మకానికి నిలబెట్టాను. ఆ తెలివితక్కువతనానికి మూలం ఎక్కడుందో చాలాకాలం వెతుక్కున్నాను. నా లెక్కల పుస్తకంలో జూన్, అక్టోబర్, నవంబర్ ఉన్నాయి. తెలుగు నెలలు లేవు.

లెక్క సులువుగానే కనిపించింది. మూడు నెలలకు తల్లిపాలు మానిన మగపిల్లల్ని కొనాలి, నాలుగైదు నెలలు మేపాలి, అమ్మాలి. మా వైపు గొల్లలు మేపే గోధుమరంగు పొట్టి గొర్రెలు నా కంటికి ఆనలేదు. నెల్లూరు జోడిపి కావాలనుకున్నాను. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ మూతి మీదా నల్లమచ్చలు, పొడుగు కాళ్ళు. మన దేశపు గొర్రెల్లో బాగా ఎత్తైన జాతుల్లో అదొకటి. ఎత్తు చూసి బరువు ఊహించాను, బరువు చూసి డబ్బు ఊహించాను.

వాన సంగతి ఊహించలేదు. నెల్లూరుకు పెద్దవాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో. మాకు జూన్‌లోనే నైరుతి మొదలు. ఎండకు మాడిన బీళ్ళలో పెరిగిన పిల్లల్ని లారీలో 700 కిలోమీటర్లకు పైగా తెచ్చి, తొలకరి బురదలో దింపాను. పక్క ఊరి గొర్రెల కాపరి ఒకాయన చూడటానికి వచ్చాడు. నా తండ్రి వయసువాడు. "బాబూ, ఇవి ఎండ దేశం జీవాలు. మన తడికి ఆగవు. కొత్త గడ్డి మీదికి ఒక్కపాలి తోలకండి, సిటుకు రోగం తగుల్తాది" అన్నాడు. టీకా వేయించానని చెప్పి పంపేశాను. ఆయన అంతకు రెండు మాటలు ఎక్కువ చెప్పేవాడు. నా గొంతు విని ఆగిపోయాడు. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

చిటుకు రోగం బయటి నుంచి రానక్కర్లేదు. ఆ సూక్ష్మజీవి గొర్రె పేగుల్లో మామూలుగానే ఉంటుంది. లేత గడ్డో మొక్కజొన్న దాణానో హఠాత్తుగా ఎక్కువైతే అది విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. అందుకే బక్కవాటి కంటే బాగా మేసే పిల్లలకే అది ముందు వస్తుంది. టీకా మొదటిసారి వేసిన పిల్లలకు రెండు మూడు వారాలకు మళ్ళీ ఒక మోతాదు పడాలి. నేను వేయించలేదు. పైగా తొందరగా ఒళ్ళు చేస్తాయని దాణా పెంచాను. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారేసరికి మెడ వెనక్కి విరిచి పడి ఉండేది. ప్రతిసారీ మందలోకెల్లా నేను ఎక్కువ మురిసిపోయిన పిల్లే పోయేది.

మిగిలినవాటికి గిట్టల్లో పుళ్ళు పట్టాయి. అవి తేరుకునేలోగా దసరా దాటిపోయింది. కాస్త కండ పట్టేసరికి కొట్లకు గిరాకీ పడిపోయింది. అమ్ముడుపోకపోయినా పొట్టేలు రోజూ తింటుంది. కార్తీక పున్నమికి రెండు రోజుల ముందు పర్లాకిమిడి నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. తూకం లేదు, చేత్తో నడుము తడిమి ధర చెప్పాడు. చాలావాటిని ఇచ్చేశాను. మూడో రోజు ఛాడఖాయి. అతను నన్ను మోసం చేయలేదు. పంచాంగం చూసుకుని వచ్చాడు.

ఉన్న కాసిన్నిటితో నా రెండో ఆశ, మాంసం ప్యాకెట్లు. 1882లో డునెడిన్ అనే ఓడ న్యూజిలాండ్ నుంచి గడ్డకట్టించిన గొర్రె మాంసాన్ని లండన్ చేర్చిందనీ, ఆ దేశపు బతుకే దానితో మారిందనీ చదివి ఉన్నాను. నేనూ ఫ్రీజర్ కొన్నాను. పాతిక కిలోల పొట్టేలు కోస్తే పన్నెండు కిలోలకు మించి మాంసం రాలేదు. తలకాయ, కాళ్ళు, బోటి, కార్జం మా వైపు విడివిడిగా, ముందుగా అమ్ముడుపోయే సరుకు. నా పుస్తకంలో వాటికి గడే లేదు. కోసిన వెంటనే, వేడి ఆరకముందే మాంసాన్ని ఫ్రీజర్‌లో పెట్టాను. వండినవాళ్ళు ఎంత ఉడికించినా రబ్బరులా ఉందన్నారు. కోసిన కండ తనంతట తాను బిగుసుకోకముందే బాగా చల్లబరిస్తే అది ముడుచుకుపోతుంది. ఈ సంగతిని 1960లలో తేల్చింది కూడా న్యూజిలాండ్ శాస్త్రవేత్తలే. ఆ దేశం కథలో ఓడ వరకే నేను చదివాను.

ప్యాకెట్ కొన్నవాళ్ళను తప్పుపట్టలేను. ఆదివారం పొద్దున్నే కొట్టు దగ్గర నిలబడి, వేలాడే పొట్టేలును చూసి, అది మగదేనని రూఢి చేసుకుని, తొడ ముక్క అడిగి, రెండు కార్జం ముక్కలు కొసరు వేయించుకోవడం వాళ్ళకు నమ్మకం. ఆ నమ్మకానికి బదులుగా నేనిచ్చింది మూతవేసిన ప్లాస్టిక్ సంచి, దాని మీద నా పేరు. హైదరాబాద్ దగ్గర చెంగిచర్లలో మాంసం మీద జాతీయ పరిశోధన సంస్థే ఉంది, శిక్షణ కూడా ఇస్తారు. వెళ్ళవలసింది ఫ్రీజర్ కొనకముందు.

అప్పు కొంత తీరాక ఆ కాపరి ఇంటికి వెళ్ళాను. ఆయన పాత మాట ఎత్తలేదు. తన మందకు సంవత్సరం ఎలా గడుస్తుందో చెప్పాడు. వేసవిలో రైతులు పొలాల్లో మంద కట్టించుకుని ఎరువుకు డబ్బో ధాన్యమో ఇస్తారు. వరి నాటాక మేత దారులు మూసుకుపోతాయి, గట్లూ కొండవారలే దిక్కు. కోతలయ్యాక మళ్ళీ మళ్ళు తెరుచుకుంటాయి. మాంసం అందులో ఒక రాబడి, అంతే. నేను పెంటికల్ని కూలిచ్చి ఎత్తి పారబోయించాను.

ఇప్పుడు ఆయన మందలోనే నా గొర్రెలూ తిరుగుతున్నాయి, పిల్లల్లో సగం పాలికి. అన్నీ ఇక్కడి గోధుమరంగువే. టీకా రెండు మోతాదులూ వానలకు ముందే పడేలా చూడటం నా పని. మగపిల్లల్లో సగం ఛాడఖాయికి, సగం కనుమకు అమ్ముదామన్నది ఆయన మాట. బేరం ఆయనే మాట్లాడతాడు. కంటి అంచనా మీద కాకుండా తూకం మీద అమ్మాలని మాత్రం నేను పట్టుబడుతున్నాను. దానికి ఆయన ఇంకా ఒప్పుకోలేదు.