టీకి టీక, బిస్కట్టుకు తాత్పర్యం

అవతారిక: ఫాస్టింగ్ షుగరు 126 దాటిందని రెండుసార్లు తేలిన గృహస్థుడొకడు, ఆఫీసు వదిలిన వేళ హైదరాబాదులోని ఒక టీ హోటల్లో మాస్టరుతో పలికిన ఆటవెలది ఇది.

పాలు మరిగినంత బాగుగా టీ పొంగు
చెంచ సగమె చాలు చెప్పితన్న!
ప్లేటులోన నుంచు బిస్కట్లు నాలుగు
షుగరు లేదు నాకు సుంతయేని

ప్రతిపదార్థం: అన్న = ఓ టీ మాస్టరూ; పాలు మరిగినంతన్ = పాలు కాగిన వెంటనే; టీ బాగుగా పొంగున్ = టీ చక్కగా పొంగుతుంది; చెంచ సగమె = అర చెంచాడు చక్కెర, అనగా రెండు గ్రాముల పైచిలుకు; చాలున్ = సరిపోతుంది; చెప్పితిన్ = చెప్పాను (పక్కనున్న స్నేహితులు వినేలా అని అధ్యాహారం); ప్లేటులోనన్ = సాసరు పక్కనున్న ప్లేటులో; బిస్కట్లు నాలుగు = ఉస్మానియా బిస్కట్లు, మైదా, చక్కెర, కొవ్వు కలిసిన సమాసాలు; ఉంచు = పెట్టు; నాకున్ = నాకు; సుంతయేని = కొంచెమైనా; షుగరు లేదు = వ్యాఖ్య అనవసరం.

తాత్పర్యం: చెంచాతో తీసేసింది ప్లేటుతో తిరిగి తెచ్చుకుంటున్నాడు.

పాఠాంతరం: రెండో పాదం "బెల్లమున్న చాలు చెప్పితన్న" అని కొందరు చదువుతారు. గ్రాహ్యం కాదు. యతీ చెడింది, షుగరూ చెడుతుంది. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరలోని సుక్రోజే.

విశేషం: అర చెంచా తగ్గించడం గుణమే కదా అని పూర్వపక్షం. కావచ్చు. కానీ గిన్నెలోనే చక్కెర పోసి మరిగించే కొట్టులో ఆ అర చెంచా ఏ మాస్టరూ వెనక్కి తీయలేడు. "షుగర్‌లెస్" అని ముందే చెప్పి, తానే పైన కలుపుకోవాలి. రెండు చెంచాల అలవాటున్నవాడు ఒకేసారి మానేస్తే మళ్లీ మొదలుపెట్టవచ్చు. కొద్దికొద్దిగా తగ్గిస్తే నాలుక ఒప్పుకుంటుంది. పాలలోనూ 100 మిల్లీలీటర్లకు సుమారు 5 గ్రాముల లాక్టోజు ఉంది గాని, అది చక్కెరంత వేగంగా రక్తంలోకి ఎక్కదు. కాబట్టి చిక్కటి టీ మీద వ్యాఖ్యాతకు కోపం లేదు. చిన్న కప్పయితే మరీ మంచిది. అసలు దోషం మూడో పాదంలో ఉంది. అది రోజూ ఎన్నిసార్లు ఆవృత్తి అవుతుందో కవి చెప్పలేదు.

పరీక్షకు రెండు రోజుల ముందు బిస్కట్లు మానేస్తే చాలునని ఒక వాదం. ఫాస్టింగ్ అంకె మోసపోవచ్చు; ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటిన చక్కెరను కొలిచే హెచ్‌బీఏ1సీ మోసపోదు. ఎర్రకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు గనుక రెండు మూడు నెలల బిస్కట్ల చరిత్ర అందులో లిఖితమై ఉంటుంది.

అపవాదం: ఇన్సులిన్, లేదా షుగరును బాగా దించే మాత్ర వాడేవారికి చెమట, వణుకు పుట్టి అంకె 70 కిందికి పోతే ఈ నియమాలేవీ వర్తించవు, వెంటనే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగాలి. కొవ్వున్న బిస్కట్టు నింపాదిగా అరుగుతుంది కనుక అప్పుడు కూడా మూడో పాదం చెల్లదు.