టీచరమ్మ మెడలో మైకుని

నేను మూడో తరగతి టీచరమ్మ మెడలో వేలాడే మైకుని. ఆమె మాటను అందుకుని, గది గోడలకు బిగించిన స్పీకర్లకు అందించడం నా పని. మా బడి ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు పడమటి వైపు, డార్లింగ్ నది ఒడ్డున ఉంది. బార్కింజీ జనం తరతరాలుగా బతుకుతున్న నేల ఇది. పిల్లల్లో ఎక్కువమంది వాళ్ల బిడ్డలే. తక్కినవాళ్లవీ కలిగిన ఇళ్లేం కావు.

నన్ను తెచ్చింది ఈ పిల్లల చెవుల కోసం. ఈ దేశపు ఆదివాసీ పిల్లల్లో చాలామందికి పాలు తాగే వయసులోనే చెవి జబ్బు పట్టుకుంటుంది. మధ్య చెవిలో నీరు చేరుతుంది, కర్ణభేరికి చిల్లు పడుతుంది, చీము కారుతుంది. ఇరుకిళ్లు, అందుబాటులో లేని వైద్యం దాన్ని ముదరబెడతాయి. నూటికి నలుగురు పిల్లలకు మించి చెవిలో చీముంటే ఆలస్యం చేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మారుమూల ఆదివాసీ పల్లెలు ఎన్నో ఆ హద్దు దాటేశాయి. పైగా ఈ చెవుడు నిలకడగా ఉండదు. సోమవారం వినబడిన బిడ్డకు గురువారం వినబడదు. చూసేవాళ్లకు అది మొండితనంలా కనబడుతుంది.

వెనక వరసలో ఒక పిల్లాడుండేవాడు. ‘పుస్తకం తీయండి’ అనగానే పక్కవాడి చేతులకేసి చూసేవాడు. శ్రద్ధ లేదని వాడికి ముద్ర పడిపోయింది. నేను రాకముందు, టీచరమ్మ బోర్డు వైపు తిరిగితే ఫ్యాను రొదలో సగం మాటలు వాడిదాకా వచ్చేవే కావు. నేను ఆ గొంతును రొద కంటే పది డెసిబెల్స్ దాకా పైకెత్తి, ముందు వరసకూ వెనక వరసకూ ఒకేలా వినిపిస్తాను. కొన్నాళ్లకు వాడు పక్కకు చూడకుండానే పుస్తకం తీశాడు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

చెవి నయం చేయడం నా వల్ల కాదు. దానికి నర్సు వచ్చి పరీక్షలు చేస్తుంది. పొద్దున్నే పిల్లలందరి చేతా ముక్కు చీదిస్తారు. ఆకలితో వచ్చినవాళ్లకు రొట్టె, పాలు పెడతారు. అన్నిటికన్నా పెద్ద పని ఈ ఊరి ఆదివాసీ ఆడమనిషి ఒకతె చేస్తుంది. బడి ఉద్యోగిగా ఇల్లిల్లూ తిరిగి, తల్లులతో వాళ్లలో ఒకతిగా మాట్లాడుతుంది. ఇలాంటి ఉద్యోగాలు ప్రతి బడిలోనూ ఉండాలి.

ఒకరోజు ఊరి పెద్దావిడను పిలిచి, నన్ను ఆమె మెడలో వేశారు. తెల్లవాళ్లలో ఒక్కరు వద్దన్నా ఆదివాసీ పిల్లల్ని బడినుంచి పంపేయమని 1902లో ఈ రాష్ట్రంలో ఆదేశమిచ్చారని చెప్పిందామె. పంపేసే అధికారం హెడ్మాస్టర్లకు 1972 దాకా ఉందట. చిన్నప్పుడు ఆమెనూ అలాగే పంపేశారు.

వెనక వరస పిల్లాడు చెయ్యెత్తాడు. “ఆంటీ, మరి నువ్వు చదవడం ఎక్కడ నేర్చుకున్నావు?”

“పెద్దదాన్నయ్యాక, మా పిల్లల పుస్తకాల్లో. వచ్చే వారం కథల పుస్తకం తెస్తాను. ఒక పేజీ నేను, ఒక పేజీ నువ్వు. ఈ మైకు నీ మెడలోనే వేస్తాం.”