పల్నాటి గాలి పట్టే గొట్టాన్ని

మూడున్నర అంగుళాల స్టీలు గొట్టాన్ని నేను. నా కడుపులో ముందు టెనాక్స్ పొడి, వెనక కార్బన్ పొడి. చిన్న పంపు గాలిని నాలోంచి లాగుతుంటే బెంజీన్, జైలీన్ వంటి ఆవిర్లు ముందు పొరలో చిక్కుతాయి. మరీ తేలికైనవి వెనక పొర దాకా వచ్చి ఆగుతాయి.

గురజాల వైపు పత్తికీ మిరపకీ మందు కొట్టే రోజుల్లో నాకు పని ఎక్కువ. డబ్బా మీద ఇ.సి. అని ఉండే మందులు చాలావాటిలో ద్రావకం జైలీన్ జాతిదే. నరసరావుపేటలో పెట్రోలు బంకు పక్కన నిలబెడితే వెతికేది బెంజీన్‌ని. దానికి మన దేశం 2009లో పెట్టిన హద్దు, ఏడాది సగటున ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములు. అంటే లీటరుకు 5 నానోగ్రాములు. వానాకాలం సాయంత్రం, 30 డిగ్రీల దగ్గర తేమ 80 శాతం ఉంటే, అదే లీటరులో నీటి ఆవిరి 24 మిల్లీగ్రాములు. దాదాపు 50 లక్షల రెట్లు! ఇంత నీటిలోంచి అంత బెంజీన్‌ని ఏరాలి.

టెనాక్స్ నీటిని పెద్దగా అంటనివ్వదు. కార్బన్ తాగేస్తుంది. ఆ తడితోనే నన్ను ల్యాబులో వేడి చేస్తే, నాలోంచి వచ్చే ఆవిర్లను పోగుచేసే చల్లటి గొట్టంలో నీరు మంచై దారి మూసేస్తుంది. అప్పుడు వచ్చే అంకెను నమ్మలేం.

రెంటచింతల ఎండలో ఈ బాధ తక్కువ. 44 డిగ్రీల మధ్యాహ్నం, తేమ 20 శాతమే అన్నా లీటరుకు 12 మిల్లీగ్రాముల నీరు ఉండనే ఉంటుంది. అయినా కార్బన్ అంతగా తాగదు. నీటి బరువుకన్నా, ఆ వేడికి గాలి మోయగలిగినదాంట్లో ఎంత నిండిందన్నదే దానికి ముఖ్యం. అందుకే వానల్లో నన్ను బయటి గాలికన్నా పది డిగ్రీలు వెచ్చగా ఉంచుతారు. నీరు అంతే ఉన్నా, నా లోపల 80 శాతం తేమ 50 లోపుకు దిగుతుంది. అంతకు మించి వేడెక్కిస్తే పట్టిన తేలిక ఆవిర్లే జారిపోతాయి.

నా ముందు తేమ పీల్చే పైపు బిగిస్తే సరిపోదా అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అందుకు వాడే నాఫియాన్ పైపు నీటితోపాటు ఆల్కహాలునూ ఎసిటోన్‌నూ కొంత పట్టుకుపోతుంది.

ల్యాబులో కుర్రాడు నన్ను నేరుగా వేడికి ఎక్కించబోతే పెద్దాయన ఆపుతాడు. "ఉండు తమ్ముడూ, ముందు నీళ్లు పోనీ." గాలి వచ్చిన దిక్కునే పొడి నైట్రోజన్ కొన్ని నిమిషాలు వదులుతాడు. ఎదురు దిక్కున వదిలితే ముందు పొరలో పట్టింది బయటికి కొట్టుకుపోవచ్చు. తర్వాత త్రాసులో పెట్టి తడి ఎంత తగ్గిందో చూస్తాడు. బరువు తగ్గడం ఆగాకే నన్ను తిరగేసి వేడికి ఎక్కిస్తాడు.