రాత్రికి రాత్రి పికిల్ మాహాత్మ్యము

పూర్వము సిద్ధి పొందుటకు మునులకు యుగములు పట్టెడివి. నేటి అమెరికా వంటయిండ్లలో దోసకాయకు ఒక్క రాత్రి చాలుచున్నది. కీరా జాతి పొట్టి దోసకాయలను నిలువున చీల్చి, గాజుసీసాలో ఇఱికించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలును, గుప్పెడు డిల్ అనబడు సోయకూరయు, కొన్ని ఆవాలు, మిరియాలును వైచి, వినెగరును నీటిని సమపాళ్లలో ఉప్పుతో మరిగించి పోసి, రిఫ్రిజిరేటరులో దాచి, మఱునాటి మధ్యాహ్నము హాంబర్గరు ప్రక్కన ఒక ముక్క పెట్టుకొని కరకర నమలువారిని నేను తప్పుపట్టను. ముక్క రుచిగానే యుండును. నా కలహమంతయు, ఆ సీసా మూత తీయుచు గృహస్థు చేయు ఉపన్యాసముతోనే.

ఉపన్యాసమున ప్రథమ ఘట్టము వంశకీర్తనము. ఇది తన ముత్తవ్వ తూర్పు యూరపు పల్లెనుండి తెచ్చిన పరంపరాగత విద్యయట! జనరల్ ఎలక్ట్రిక్ వారి 'మానిటర్ టాప్' రిఫ్రిజిరేటరు అమెరికా గృహములలో కాలు పెట్టినది 1927లో. అంతకు మునుపే ఓడ యెక్కిన ఆ అవ్వ తన పల్లెలో ఏ విద్యుచ్ఛక్తితో నడచు ఏ పెట్టెలో ఈ సీసాను దాచెనో వంశచరిత్రకారుడే సెలవీయవలెను. ఆమె నిజముగా తెచ్చిన విద్య వేఱు. న్యూయార్కు నగరపు లోవర్ ఈస్ట్ సైడున, ఎసెక్స్ వీథిలో, యూదు వర్తకులు పీపాలలో నుంచి అమ్మిన దోసకాయలకు వినెగరుతో పనిలేదు. ఉప్పునీట మునిగిన కాయను అంటియున్న సూక్ష్మజీవులు కాయలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లమును తామే పుట్టించును; నీరు మసకబారును, బుడగలు లేచును, ఆకుపచ్చని తొక్క క్రమముగా ఆలివు వన్నెకు దిగును. పూర్తిగా పులియుటకు, మరీ వేడియు మరీ చలియు లేని మూలను, మూడు నాలుగు వారములు పట్టును. ఈలోపల పైకి తేలిన తెల్లని తెట్టును తీసివేయుచు, కాయ పైకి లేవకుండ బరువు సరిచేయుచు, ఒక మనిషి దానిని కనిపెట్టియుండవలెను. ఆ కాపలా పనిని తప్పించుకొని, కాపలా కాచినదాని పేరును మాత్రము వాడుకొనుట ఎట్టి పితృభక్తియో!

ద్వితీయ ఘట్టము ఆరోగ్యబోధ. ఇందు ప్రేవులకు మేలుచేయు సూక్ష్మజీవులు కోట్లకొలది కలవని గృహస్థు ఘోషించును. మరుగుచున్న వినెగరును తలపై పోసి ఆ జీవులలో పెక్కింటిని కడతేర్చి, మిగిలినవానిని ఆమ్లమున ముంచి, చలిలో బంధించి, అటుపిమ్మట వాని సేవాధర్మమును వేనోళ్ల కొనియాడుట అపూర్వమైన కృతజ్ఞత. సీసాలోని ద్రవము దినములు గడచినను తేటగానే యుండుట ఆయనకు పరిశుద్ధతా లక్షణముగా తోచును. నిజమునకు అది అందెవ్వరును పని చేయుటలేదనుటకు సాక్ష్యము. కొందఱు ఆ ద్రవమును ప్రాతఃకాలమున చిన్న గ్లాసుతో ఔషధముగా సేవింతురు. ఉప్పును వినెగరును త్రాగవలెనన్న కోరిక కలవారిని వారింప నేనెవడను?

మన యిండ్లలోను తొందరపాటు పచ్చళ్లు లేకపోలేదు. పండుదోసకాయను తడిలేకుండ తుడిచి, చేదున్నదేమో ఒక పలుకు నోట వేసికొని చూచి, తొక్కతోనే ముక్కలు కోసి, ఆవపిండి, కారము, ఉప్పు, నూనె కలిపిన దోసావకాయ మఱునాటికే అన్నములోనికి వచ్చును, కొలదినాళ్లకే గిన్నె ఖాళీయగును. దానిని వేసవిలో పెట్టిన మామిడికాయ ఆవకాయ జాడీ సరసన నిలిపి సమానగౌరవ మిమ్మని ఏ యిల్లాలును అడుగలేదు.

ఇక చివరి ఘట్టము పొదుపు. ముక్కలు ముగిసినను గృహస్థుని వినెగరు ముగియదు. ఆ మిగిలిన ద్రవములోనే క్రొత్త కాయలను మఱల మఱల ముంచుచుండును. కాయ విడిచిన నీటితో పులుపు ప్రతిమాఱును పలుచనగును; ఆ పదార్థమును కాచుచున్న ముఖ్యుడైన కావలివాడే ఆ విధముగా నీరుకారి పోవుచుండును. తెలిసినవాడు దానిని పారబోయును. తెలియనివాడు మూలద్రవమని బిరుదమిచ్చి, ఇది మూడవ తరమని గర్వించుచు, అతిథులకు వడ్డించును.